కాక్‌పిట్ దిగి హ్యాంగర్‌లోకి: పైలట్ మెయింటెనెన్స్ ఇంజినీర్ కావాలంటే ఏ దారి ఎవరికి

విమానాన్ని గేటు దగ్గర్నుంచి వెనక్కి నెట్టాక, అది తనంతట తాను కదిలే ముందు, కింద నిలబడ్డ మనిషి చిన్న పిన్ను ఒకటి పైకెత్తి చూపిస్తాడు. దానికి ఎర్ర రిబ్బన్ వేలాడుతుంటుంది. ట్రాక్టర్ విమానాన్ని నెడుతున్నంతసేపూ ముందు చక్రం స్టీరింగ్ పనిచేయకుండా ఆపేది ఆ పిన్నే. అది కింద మనిషి చేతిలో కనబడితే విమానంలోంచి తీసేసినట్టు లెక్క. కాక్‌పిట్‌లో వాళ్లు చూశామని చెయ్యి ఊపుతారు, విమానం వెళ్లిపోతుంది. ఆ పిన్నుని నేను చాలా ఏళ్లు పైనుంచి చూశాను. ఇప్పుడు కింద నిలబడి చూపిస్తున్నాను.

ఇలా మారాలనుకునే పైలట్లు నన్ను మొదట అడిగేది రెండే ప్రశ్నలు: లైసెన్స్‌కి ఎన్నాళ్లు పడుతుంది, జీతం ఎంత తగ్గుతుంది. రెండూ అడగాల్సినవే, కిందన చెబుతాను. కానీ వాటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. పని సరిగ్గా అయింది, ఎగరొచ్చు అన్న మీ సంతకంతో విమానం బయల్దేరుతుంది, మీరు మాత్రం అందులో ఉండరు. ఈ పరిస్థితిలో మీరు స్థిమితంగా ఉండగలరా? ఈ వృత్తి మీకు పడుతుందో లేదో చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుందని నా నమ్మకం.

ముందు, ఎందుకు మారుతున్నారు?

కారణాన్ని బట్టి దారి మారిపోతుంది. మెడికల్, అంటే పైలట్‌కి ఉండాల్సిన ఆరోగ్య ధ్రువపత్రం, పోయినవాళ్లతో మొదలుపెడతాను, వాళ్ల బాధ వేరు. ప్రయాణికుల విమానాలు నడిపే పైలట్‌కి క్లాస్ 1 మెడికల్ లేకపోతే లైసెన్స్ ఉన్నా లేనట్టే. ఏడాదికోసారి, వయసు పెరిగాక ఆరు నెలలకోసారి డాక్టర్ ముందు కూర్చున్న ప్రతిసారీ ఉద్యోగం పందెంలో పెట్టినట్టే ఉంటుంది. ఆ టెన్షన్ పైలట్ ఇంట్లో అందరికీ తెలుసు. మెయింటెనెన్స్ లైసెన్స్‌కి అలాంటి మెడికల్ సర్టిఫికెట్ అడగరు. అందుకే మెడికల్ పోయినవాళ్లు ఎక్కువగా ఇటు చూస్తారు. అయితే మెడికల్ ఎందుకు పోయిందన్నది ఇక్కడ కూడా ముఖ్యమే. ఎయిర్‌బస్ ఏ320 తోక చివర నేలకి దాదాపు 12 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కళ్లు తిరగడం, ఉన్నట్టుండి స్పృహ తప్పడం లాంటి సమస్య ఉన్నవాళ్లని అక్కడ నిలబెట్టి పని చేయించడం ఎవరికీ మంచిది కాదు. రంగులు సరిగ్గా తెలియనివాళ్లకి వైరింగ్ పని కష్టం. కంపెనీలు ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు వీటిని పరీక్షించే అవకాశం ఉంది. అదే బీపీ, షుగర్, గుండెకి స్టెంట్ లాంటి కారణమైతే, డాక్టర్ ఓకే అన్నాక, హ్యాంగర్ (విమానాలు మరమ్మతు చేసే పెద్ద షెడ్డు) పని చాలామంది చేయగలరు.

వయసు సంగతీ ఇలాంటిదే. అంతర్జాతీయ నియమం ప్రకారం ఇద్దరు పైలట్లు ఉండే వాణిజ్య రవాణా విమానాల్లో 65 ఏళ్ల దాకానే నడపొచ్చు, ఒక్క పైలట్ ఉండే వాటిలో 60. మెయింటెనెన్స్ లైసెన్స్‌కి అలాంటి గీత లేదు. కానీ యాభై దాటి మొదలుపెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. చేతి అనుభవం సంపాదించే ఏళ్లన్నీ ఒంటికి కష్టమైన ఏళ్లే. రెక్క లోపల ఇంధన ట్యాంకులోకి పాకుతూ దూరాలి, చక్రాల గూటిలో మెడ వెనక్కి వంచి గంటలు నిలబడాలి.

ఇంటికి దగ్గరగా ఉండాలని మారేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు సగం లెక్కే వేసుకున్నారని నాకు అనిపిస్తుంది. హోటల్ గదులు పోతాయి, నిజమే. కానీ విమానం పగలంతా తిరుగుతుంది కాబట్టి మరమ్మతు ఎక్కువగా రాత్రే. మీ మంచం మీదే పడుకుంటారు, కాకపోతే పొద్దున ఎనిమిదింటికి, కర్టెన్లు వేసుకుని. పైలట్లకి ఉన్నంత బలమైన డ్యూటీ గంటల పరిమితులు చాలా దేశాల్లో ఇంజినీర్లకి లేవు. యూరప్‌లో పైలట్ వరసగా 28 రోజుల్లో 100 గంటలకి మించి ఎగరకూడదు. ఇంజినీర్ల విషయంలో చాలావరకు సాధారణ కార్మిక చట్టాలు, కంపెనీ పద్ధతులే గతి. పన్నెండు గంటల షిఫ్ట్ చివర్లో మీ కళ్లకి ఏది కనబడుతుందో ఏది కనబడదో మీరే కనిపెట్టుకోవాలి.

ఉద్యోగం పోయి ఇటు చూసేవాళ్లు నిజాయితీగా ఒక ప్రశ్న వేసుకోవాలి. 2020లో ప్రపంచమంతా విమానాలు నేల మీద ఆగిపోయినప్పుడు పైలట్లు వేలల్లో ఇళ్లకి వెళ్లారు. ఆగిన విమానానికీ మనిషి కావాలి కదా. ఇంజిన్లకి మూతలు వేయాలి, టైర్లు ఒకే చోట ఒత్తిడి పడకుండా తిప్పాలి, విమానం వేగాన్ని కొలిచే పిటాట్ గొట్టాల్లో పురుగులు గూడు కట్టకుండా చూడాలి. అలా చూస్తే ఇది కాస్త గట్టి ఉద్యోగమే, అయినా ఆ ఏడాది హ్యాంగర్లలోనూ మనుషుల్ని తీసేశారు. మళ్లీ ఎయిర్‌లైన్ పిలిస్తే మర్నాడే వెళ్లిపోతానని మీ మనసుకి తెలిస్తే, అయిదేళ్లు పట్టే ఈ దారి మొదలుపెట్టకండి. ఆ కాలాన్ని మీ రేటింగ్ (ఫలానా విమానం నడిపే అర్హత) బతికించుకోవడానికో, గ్రౌండ్ స్కూల్లో పాఠాలు చెప్పడానికో వాడుకుంటే నయం.

ఇంకో రకం వాళ్లున్నారు. బయల్దేరే ముందు విమానం చుట్టూ తిరిగి చూసే పని మిగతావాళ్లు పది నిమిషాల్లో ముగిస్తే, వీళ్లు ల్యాండింగ్ గేర్ దగ్గర ఆగిపోతారు. ఈ గొట్టం ఎక్కడికి వెళ్తుంది, ఇక్కడ ఈ చుక్క ఎందుకు కారింది అని అడుగుతుంటారు. మీరు వాళ్లలో ఒకరైతే ఇక చదవండి, మిగతాదంతా మీకోసమే.

బాధ్యత ఎలా వేరు

పైలట్ తప్పు చేస్తే చాలాసార్లు అది కొద్ది సేపట్లోనే ఎదురొస్తుంది. వేగం తగ్గితే చేతిలో తెలుస్తుంది, పక్కన ఇంకో పైలట్ చెబుతాడు, హెచ్చరిక మోగుతుంది. దిద్దుకునే అవకాశమూ మీ చేతుల్లోనే ఉంటుంది, ప్రాణమూ అక్కడే ఉంటుంది. ఇంజినీర్ తప్పు అలా కాదు. అది మూత కింద దాక్కుని, వేరే ఊళ్లో, వేరే మనుషుల ముందు బయటపడుతుంది. ఆ సమయానికి మీరు నిద్రలో ఉండొచ్చు.

హ్యాంగర్లో అడుగుపెట్టిన ప్రతి ఒక్కరికీ చెప్పే సంఘటన ఒకటుంది. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మలగా వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ బీఏసీ వన్-ఎలెవెన్ విమానం 17,000 అడుగులు దాటి ఎక్కుతుండగా కెప్టెన్ వైపు విండ్‌స్క్రీన్ ఊడి ఎగిరిపోయింది. కెప్టెన్ నడుము దాకా బయటికి లాగబడ్డాడు. క్యాబిన్ సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని ఉండగా కో-పైలట్ సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్‌తో సహా అందరూ బతికారు. ఆ విండ్‌స్క్రీన్‌ని కొత్తగా బిగించి 27 గంటలే అయింది. దానికి 90 బోల్టులు. వాటిలో 84 బోల్టుల వ్యాసం ఉండాల్సినదానికన్నా 0.66 మిల్లీమీటర్లు తక్కువ. మిగిలిన ఆరూ పొడవు తక్కువ.

బిగించినది అనుభవం లేనివాడేమీ కాదు, ఆ షిఫ్ట్‌కి మేనేజర్. మనుషులు తక్కువున్న రాత్రి, తెల్లవారుజామున, పాత బోల్టుని స్టోర్స్‌లోకి తీసుకెళ్లి కంటితో పోల్చి కొత్తవి ఏరుకున్నాడు. పార్ట్స్ కేటలాగ్‌లో నంబర్ చూడలేదు. పైగా తీసిన పాత బోల్టులే చాలావరకు పొట్టివి, వాటితోనే విమానం అంతకుముందు ఏళ్ల తరబడి ఎగిరింది.

ఆ నివేదిక పైలట్‌గా ఉన్నప్పుడు చదివాను. అప్పుడు నా చూపంతా కో-పైలట్ మీదే ఉంది: ఎంత గొప్పగా దించాడు అని. ఇంజినీర్ అయ్యాక మళ్లీ చదివితే ఆ స్టోర్స్ గదిలో, మసక వెలుతురులో, రెండు బోల్టులు వేళ్ల మధ్య పట్టుకుని చూస్తున్న మనిషే కనిపించాడు. ఆయన స్థానంలో నేనుంటే ఏం చేసేవాణ్ని అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. మీరు ఈ కథ విన్నాక మొదట ఎవరి గురించి ఆలోచించారో గమనించుకోండి. ఎంపిక చేసుకోవడంలో అదీ పనికొస్తుంది.

మీ లాగ్‌బుక్ ఇక్కడ ఎంత చెల్లుతుంది

ఇక్కడ చాలామంది నిరాశపడతారు, అందుకే సూటిగా చెబుతాను. ఎన్ని వేల గంటలు ఎగిరినా అవి మెయింటెనెన్స్ అనుభవంగా లెక్కకు రావు. చేతి అనుభవం చేత్తోనే సంపాదించాలి.

యూరప్ విమానయాన భద్రతా సంస్థ ఈఏఎస్ఏ వారి పార్ట్-66 పద్ధతి చాలా దేశాలకి నమూనా, ఇండియాలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమాలు కూడా ఆ అచ్చులోనే ఉంటాయి. మాడ్యూళ్లుగా రాత పరీక్షలు, ప్రతిదాంట్లో 75 శాతం రావాలి. దాంతోపాటు ఎగిరే స్థితిలో ఉన్న విమానాల మీద పని చేసిన అనుభవం. టర్బైన్ (జెట్ లాంటి ఇంజిన్లుండే) విమానాల బీ1 లైసెన్స్‌కి గానీ బీ2కి గానీ (ఈ రకాలేమిటో కింద చెబుతాను) ముందస్తు సాంకేతిక శిక్షణ ఏమీ లేనివాళ్లకి అయిదేళ్లు, సంబంధిత వృత్తిలో నైపుణ్య శిక్షణ ఉన్నవాళ్లకి మూడేళ్లు, ఆమోదం ఉన్న స్కూల్లో పూర్తి కోర్సు చేసినవాళ్లకి రెండేళ్లు. ఆ తర్వాత పెద్ద విమానాలకి ఒక్కో రకానికి వేరే టైప్ రేటింగ్, అంటే ఆ రకం మీద సంతకం చేసే అర్హత, కావాలి. పైలట్‌గా మీకు ఆ విమానం మీద టైప్ రేటింగ్ ఉన్నా సరే, ఇది మళ్లీ మొదటినుంచే.

అమెరికాలో విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ పద్ధతి కాస్త సులువు. అక్కడ ఎయిర్‌ఫ్రేమ్ (విమాన నిర్మాణం), పవర్‌ప్లాంట్ (ఇంజిన్) అని రెండు రేటింగులు. రెండూ కలిపి కావాలంటే 30 నెలల పని అనుభవం, ఒక్కటే చాలనుకుంటే 18 నెలలు, లేదా ఆమోదిత స్కూలు. తర్వాత రాత, మౌఖిక, ప్రాక్టికల్ పరీక్షలు. అక్కడి సర్టిఫికెట్‌కి గడువు లేదు. పార్ట్-66 లైసెన్స్‌ని అయిదేళ్లకోసారి కొత్తది చేయించుకోవాలి. గత రెండేళ్లలో ఆరు నెలలైనా పనిలో ఉంటేనే సంతకం చేసే హక్కు అన్నది మాత్రం రెండు చోట్లా ఉంది. దీన్ని పైలట్లకుండే తొంభై రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌ల నియమానికి అన్నలాంటిది అనుకోండి.

మరి ఎగిరిన కాలమంతా వృథానా? కాదు. ఏరోడైనమిక్స్, మానవ కారకాలు, విమాన వ్యవస్థల మాడ్యూళ్లలో పైలట్ సగం దూరం నడిచి వచ్చినట్టే. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, డిజిటల్ మాడ్యూళ్లలో మాత్రం తడబడతాడు. పైలట్‌కి స్విచ్ నొక్కితే ఏం జరుగుతుందో తెలుసు, ఆ నొక్కుడికీ ఫలితానికీ మధ్య కరెంటు ఏ రిలేలోంచి వెళ్తుందో తెలియదు. పదార్థాలు, పనిముట్ల మాడ్యూళ్లు రెండు రోజుల్లో చదివేస్తానని అనుకోవద్దు. పైలట్లు ఎక్కువగా తప్పేది అక్కడే, ఎందుకంటే చేత్తో చేయనిదాన్ని పుస్తకంలో చదివితే నిలవదు.

పైలట్ అనుభవం అసలు ఉపయోగం పరీక్షల తర్వాత తెలుస్తుంది. ఒక కెప్టెన్ టెక్ లాగ్‌లో (విమానంలో కనబడ్డ లోపాలు రాసే పుస్తకం) "కుడి ఇంజిన్‌లో వైబ్రేషన్" అని మూడు ముక్కలు రాసి దిగిపోతే, మిగతా ఇంజినీర్లు తల పట్టుకుంటారు. మీరు వెళ్లి ఏం అడగాలో మీకు తెలుసు. ఎక్కేటప్పుడా, క్రూయిజ్‌లోనా? థ్రాటిల్ వెనక్కి తీస్తే తగ్గిందా? ఐసింగ్ ఉందా? ఒక రాత్రి ఇలాంటి నాలుగు ప్రశ్నలతో మా బృందం ఇంజిన్ కౌలింగ్ (పై కప్పు) తెరవకుండానే లోపం ఎక్కడుందో కనిపెట్టింది. ఇంజిన్‌కి ఏమీ కాలేదు, ఫ్యాన్ బ్లేళ్ల మీద మంచు పేరుకుని ఊడింది. తనిఖీ మాన్యువల్ ప్రకారం పూర్తి చేశాం, విమానం టైముకి వెళ్లింది. నేను ఎగిరిన ఏళ్లకి విలువ ఉందని నాకు గట్టిగా అనిపించింది ఆ రాత్రే.

ఏ లైసెన్స్

కేటగిరీ ఏ: చక్రాలు మార్చడం, లైట్లు, చిన్న చిన్న లైన్ పనులు, తాను చేసిన పనికి తానే సంతకం. ముందస్తు శిక్షణ లేనివాళ్లకి మూడేళ్ల అనుభవం. త్వరగా సంపాదన మొదలవ్వాలంటే బాగుంటుంది గానీ, పైలట్‌కి అక్కడే ఆగిపోవడం ఉక్కిరిబిక్కిరిగా ఉంటుంది. మెట్టుగా వాడుకోండి.

బీ1 అంటే ఇంజిన్లు, విమాన నిర్మాణం, హైడ్రాలిక్స్, ల్యాండింగ్ గేర్, ఎలక్ట్రికల్ పనులు. బీ2 అంటే ఏవియానిక్స్: ఆటోపైలట్, నావిగేషన్, రేడియోలు, డిస్‌ప్లేలు, వాటి వెనకున్న వైర్లూ కంప్యూటర్లూ. పైలట్లు ఆటోపైలట్, ఎఫ్ఎంఎస్ (దారి లెక్కలు చూసే కంప్యూటర్) బాగా తెలుసు కదా అని బీ2 వైపు మొగ్గుతారు. ఆ తెలివి పైపైనే. మీకు సర్క్యూట్ బొమ్మ ముందు పెట్టుకుని సాయంత్రమంతా కూర్చోవడం ఇష్టమైతేనే బీ2 తీసుకోండి, అలాంటివాళ్లు చాలా బాగా రాణిస్తారు. లేదంటే బీ1. నా ఓటు ఎక్కువమందికి బీ1కే. విమానం అంతటినీ ఒళ్లంతా తాకి తెలుసుకునే అవకాశం అందులో ఎక్కువ, లైన్ మీద అవసరమూ ఎక్కువ.

చిన్న పిస్టన్ విమానాలే మీ ప్రేమ అయితే వేరే లెక్క. ఫ్లయింగ్ క్లబ్బులు, శిక్షణ సంస్థలు. పిస్టన్ విమానాల బీ1.2కి ముందస్తు శిక్షణ లేనివాళ్లకి మూడేళ్ల అనుభవం సరిపోతుంది. పొద్దున స్పార్క్ ప్లగ్గులు శుభ్రం చేసి, మధ్యాహ్నం అదే విమానంలో విద్యార్థికి పాఠం చెప్పే మనుషులున్నారు. ఎగరడం పూర్తిగా వదులుకోలేనివాళ్లకి ఇంతకన్నా మంచి ఏర్పాటు నేను చూడలేదు.

కోర్సా, సొంత చదువా

ఆమోదిత స్కూల్లో టర్బైన్ విమానాల బీ1 కోర్సు 2,400 గంటలు, అంటే రెండేళ్ల పైచిలుకు పూర్తి సమయం. మాడ్యూళ్లు సొంతంగా చదివి ఒక్కోటీ రాసే దారిలో మీరు ఎగురుతూనే చదువుకోవచ్చు, కానీ అనుభవం ఏళ్లు ఎక్కువ అడుగుతారు. వయసు ముప్పై లోపు ఉండి రెండేళ్లు సంపాదన లేకుండా గడవగలిగితే కోర్సే మేలు, వర్క్‌షాప్‌లో ఫైల్ పట్టుకోవడం నుంచి నేర్పుతారు. ఇంటి బాధ్యతలున్నవాళ్లకి, ఇంకా ఎగురుతున్నవాళ్లకి సొంత చదువు. లేఓవర్ హోటల్ గదిలో మాడ్యూల్ 8, 9, 10 (ఏరోడైనమిక్స్, మానవ కారకాలు, విమానయాన చట్టం) పూర్తి చేయడం కష్టమేమీ కాదు. అవి గట్టెక్కితే ఈ చదువు మీకు నిజంగా ఇష్టమో కాదో ఉద్యోగం వదలకముందే తెలిసిపోతుంది.

ఒక హెచ్చరిక. స్కూల్లో ఫీజు కట్టేముందు వాళ్ల ఆమోద పత్రం ఏ కేటగిరీకి, ఏ తేదీ వరకు ఉందో సంబంధిత అధికార సంస్థ జాబితాలో మీరే చూసుకోండి. చేరాక అనుభవం ఎక్కడ ఇప్పిస్తారో కాగితం మీద రాయించుకోండి. నాతో చదివినవాళ్లలో ఒకతను రెండేళ్ల కోర్సు ముగించి, అప్రెంటిస్‌గా చేర్చుకునే హ్యాంగర్ దొరక్క ఏడాదిన్నర ఖాళీగా తిరిగాడు. చేరేటప్పుడు అతనికి దొరికింది నోటి మాట మాత్రమే.

లైన్, బేస్

లైన్ మెయింటెనెన్స్ అంటే గేటు దగ్గర, రన్‌వే పక్కన, వానలో, గడియారంతో. నలభై నిమిషాల్లో విమానం తిరిగి వెళ్లాలి, ఒక లైటు వెలిగింది, ఏవి పనిచేయకపోయినా ఎగరొచ్చో చెప్పే మినిమమ్ ఎక్విప్‌మెంట్ లిస్ట్ తీసి దీనితో పంపొచ్చా, పంపకూడదా తేల్చాలి. పైలట్‌గా అదే లిస్ట్‌ని మీరు ఎన్నోసార్లు చదివారు. త్వరగా నిర్ణయం తీసుకోవడం, కెప్టెన్‌తో అతని భాషలో మాట్లాడడం మీకు చేతనవును. పైలట్లకి లైన్ సహజంగా సరిపోతుంది.

బేస్ అంటే పెద్ద తనిఖీలు. సీట్లూ నేలా పీకేసి, ప్యానెళ్లన్నీ తెరిచి, వారాల తరబడి. తుప్పు, పగుళ్లు వెతకాలి. 1988లో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పు గాల్లో ఊడిపోయింది. అప్పటికి 89,000కి పైగా టేకాఫ్-ల్యాండింగ్‌లు చేసిన విమానం, రివెట్ల వరసలో కంటికి ఆనని పగుళ్లు. అలాంటి గీతని టార్చి ఏటవాలుగా పెట్టి వెతికే ఓపిక బేస్‌లో కావాలి. మొదటి రెండేళ్లు బేస్‌లో చేయమని నా సలహా, తర్వాత లైన్‌కి రండి. ప్యానెల్ వెనక ఏముందో ఒక్కసారైనా తెరిచి చూసినవాడు, వానలో ఆ ప్యానెల్ ముందు నిలబడ్డప్పుడు తడుముకోడు.

భుజాల మీద గీతలు పోయాక

జీతం గురించి: మొదటి మూడు నాలుగేళ్లు బాగా తగ్గుతుంది. కో-పైలట్ స్థాయినుంచి వచ్చినా సహాయకుడి జీతమే. టైప్ రేటింగ్‌తో సంతకం చేసే స్థాయికి వచ్చాక గౌరవంగా బతకొచ్చు, పెద్ద విమానాల కెప్టెన్ జీతం మాత్రం సాధారణంగా తిరిగి రాదు. ఇంట్లో ఈ మాట ముందే కూర్చుని మాట్లాడుకోండి, లెక్క కాగితం మీద వేయండి.

అంతకన్నా కష్టమైనది మరొకటుంది. నిన్నటిదాకా "కెప్టెన్" అన్న నోళ్లు ఇవాళ "ఆ నిచ్చెన ఇటు తీసుకురా" అంటాయి. హ్యాంగర్లో నా మొదటి నెలలో లాక్‌వైర్ వేయడం నేర్పింది నాకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు. బోల్టు తలలోని రంధ్రంలోంచి తీగ తీసి, రెండు పోగులూ కలిపి మెలితిప్పి, పక్క బోల్టుకి కట్టాలి. ఒకటి వదులైతే తీగ దాన్ని బిగిసే వైపే లాగాలి. అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది మెలికలు. నేను వేసింది చూసి ఏమీ అనకుండా కటింగ్ ప్లయర్‌తో తుంచేశాడు. మళ్లీ వేశాను, మళ్లీ తుంచాడు. నాలుగోసారి వేలితో నెమ్మదిగా తడిమి, "ఈసారి సరే సార్, కానీ చివర లోపలికి వంచండి, తర్వాత వచ్చేవాడి వేలు కోసుకుంటుంది" అన్నాడు. అప్పటికే నా వేళ్లు నాలుగు చోట్ల కోసుకుని ఉన్నాయి. ఆ తర్వాత వచ్చేవాడి గురించి అతను ఆలోచించిన తీరు నాకు కాక్‌పిట్‌లో ఎవరూ నేర్పలేదు.

ఈ వృత్తిని ఓ మెట్టు కిందిదిగా చూసేవాళ్లకి నేను చెప్పే పేరు చార్లీ టేలర్. 1903లో రైట్ సోదరుల విమానానికి ఇంజిన్ చేసింది ఆయనే, దాదాపు ఆరు వారాల్లో, సైకిల్ షాపు పనిముట్లతో. అమెరికాలో యాభై ఏళ్లు పనిచేసిన మెకానిక్‌కి ఇచ్చే పురస్కారం ఆయన పేరు మీదే ఉంది.

సంతకం లేని దారులు కూడా ఉన్నాయి

స్పానర్ పట్టడం కుదరనివాళ్లకి, లేదా అయిదేళ్లు ఆగలేనివాళ్లకి మధ్య దారులు చూపించకుండా ఉండలేను. విమానం ఎగిరే యోగ్యతని నిర్వహించే విభాగాలు ప్రతి ఆపరేటర్‌కీ ఉండాలి: ఏ తనిఖీ ఎప్పుడు, ఏ భాగం ఆయుష్షు ఎంత మిగిలింది, తయారీదారు కొత్తగా ఏం ఆదేశించాడు అని చూసే పని. అక్కడ పైలట్ చదువు బాగా అక్కరకొస్తుంది. లీజు విమానాల రికార్డుల తనిఖీ, మెయింటెనెన్స్ కంట్రోల్ సెంటర్, భద్రతా విభాగం, ప్రమాద దర్యాప్తు, మెయింటెనెన్స్ స్కూళ్లలో పాఠాలు. మెడికల్ ఇంకా ఉన్నవాళ్లకైతే పెద్ద తనిఖీ తర్వాత విమానాన్ని పరీక్షించే చెక్ ఫ్లైట్ల పని ఉంది. రెండు వైపులా తెలిసినవాళ్లకి అక్కడ మంచి విలువ. నాకు తెలిసి, మెడికల్ పోయి, నలభై అయిదు దాటి, వెన్ను నొప్పి ఉన్నవాళ్లకి వీటిలో ఏదో ఒకటి లైసెన్స్ కన్నా నయమైన ఎంపిక.

ఎవరు మారకూడదు? ఆకాశం మీద మనసు ఇంకా పీకుతున్నవాళ్లు. ప్రతి టేకాఫ్‌నీ కంచె దగ్గర నిలబడి బెంగగా చూసేవాళ్లకి హ్యాంగర్ రోజూ ఒక గాయంలా ఉంటుంది. అలాగే చెక్‌లిస్ట్ చదవకుండా "ఇది నాకు వచ్చులే" అనే అలవాటున్న పైలట్లు. అక్కడ మాన్యువల్ పేజీ తెరిచి పెట్టుకుని చేయాలి, వందోసారి చేస్తున్నా సరే.

రాజీనామా ఇవ్వకముందు ఒక పని చేయండి. తెలిసిన ఇంజినీర్‌ని అడిగి, అనుమతి తీసుకుని, మూడు రాత్రి షిఫ్టులు హ్యాంగర్లో ఉండండి. సాయం చేయమంటే చేయండి, లేకపోతే చూడండి. మూడో రాత్రి తెల్లవారుజామున షిఫ్ట్ చివర పనిముట్లు లెక్కపెడతారు. ఒక్కోసారి ఒక సాకెట్ తక్కువ వస్తుంది. అందరూ అలిసిపోయి ఉంటారు, ఇల్లు గుర్తొస్తుంటుంది. అయినా విమానం కదలదు. మూసిన ప్యానెల్ మళ్లీ తెరుస్తారు, టార్చి వేస్తారు, చెత్త డబ్బా కింద పోసి వెతుకుతారు. ఆ గంటలో మీరు గడియారం చూస్తున్నారా, లేక అడగకుండానే మోకాళ్ల మీద కూర్చుని చక్రాల గూటిలో వెతకడం మొదలుపెట్టారా అన్నది చూసుకోండి.